క్లచ్చి చెడితేనే మా తాలూకాకు మేలు

మోటారు క్లచ్చి చెడిపోవడం కంటే లోకానికి మేలు చేసేది ఇంకొకటి లేదు! నవ్వకండి. నేను తర్లుపాడు మిషను బడిలో పిల్లకాయలకు లెక్కలు చెప్పే అయ్యవారిని. రుజువు లేకుండా ఏ మాటా అనే అలవాటు నాకు లేదు.

రుజువుకు ముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మాయి లీదియా తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నెలలు నిండినాయి. ఈ చుట్టుపక్కల కాన్పులు చేయడం చదువుకున్న నర్సు మగ్దలీనమ్మ ఒక్కతే. ఆమె ఉండేది మార్కాపురంలో. ఆమె వేళకు మా గడప తొక్కుతుందా లేదా అనేదే ఇప్పుడు మా ఇంట్లో పొద్దస్తమానం మాట. దీనికీ క్లచ్చికీ ఏంది సంబంధం అంటారా? అదే చెప్పబోతున్నాను.

మగ్దలీనమ్మ ఊళ్లు తిరగడానికి ఒక వాహనం కావాలని మార్కాపురం పెద్దలు ప్రసూతి సహాయ సంఘం అని ఒకటి పెట్టి, ఊరూరా చందాలు పోగుచేసినారు. వకీలు ప్రభాకరరావుగారు ప్రెసిడెంటు. అదే సమయానికి ఒక దొరగారు ఇంగ్లీషు సీమకు ప్రయాణమై తన మోటారును అమ్మజూపితే సంఘం కొనేసింది. దానికి టాపు లేదు. తలుపులు మోకాటి ఎత్తు. ముక్కు బారెడు. పందేల కోసం చేసిన స్పోర్ట్సు కారు. కాన్పుల నర్సుకు పందేల కారు ఏంది అని అడగబోయినవాళ్లు దాని ఎర్రరంగు చూసి నోరు మూసుకున్నారు.

అందులో సీట్లు రెండే. ఒకటి నడిపేవారిది. రెండోది, ఎట్ల నడపాలో నడిపేవారికి చెప్పేవారిది. మరి నర్సు ఎక్కడ కూర్చోవాలి? మీటింగులో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదు. అందుకని జవాబూ ఎవరూ చెప్పలేదు.

అయినా దేవుడు మా పక్షాన ఉన్నాడు. కొన్నాళ్లకే క్లచ్చి జబ్బుపడింది!

క్లచ్చి అంటే ఏందో ఎరగనివారికి రెండు ముక్కల్లో చెప్తాను. ఇంజను తిరుగుడును చక్రాలకు అంటించేదీ, గేరు మార్చేటప్పుడు కాసేపు విడదీసేదీ అదే. ఎడమ కాలితో తొక్కితే విడిపోతుంది, కాలు తీస్తే కరుచుకుంటుంది. మా మోటారులో దాని మొహానికి తోలు తొడిగి ఉంది. దొరగారు చాలాకాలం వాడక మూలన పెట్టినందున ఆ తోలు ఎండి బిరుసెక్కింది. కాలు తీసీ తీయంగానే మోటారు ఎగిరి దూకేది. నడిపే ప్రెసిడెంటుగారి తలపాగా వెనక రోడ్డు మీద పడేది.

గేరు మార్చేటప్పుడు క్లచ్చిని రెండుసార్లు తొక్కాలని దొరగారు పోయేముందు చెప్పిపోయినాడు. ఒకసారి తొక్కితే లొంగనిదాన్ని మళ్లీ తొక్కడం ప్రభాకరరావుగారి హోదాకు తక్కువ అనిపించింది. ఒక్కసారే తొక్కి గేరుకర్రను బలంకొద్దీ నెట్టేవాడు. లోపల పళ్లు పళ్లు రాసుకొని పుట్టే ఆ మోతకు బజారులో మేకలు తెంచుకొని పోయేవి. ఇది కూడా మేలే గదా! మోటారు వస్తుందని మనుషులకు ముందే తెలిసేది. ఇక హారను ఖర్చు ఎందుకు?

అప్పుడు మొదలైంది జబ్బు కనిపెట్టే పని. అబ్బబ్బ, ఎంతమందికి ఎంత పని దొరికింది! కాపీ హోటలు ముందర మోటారును నిలబెట్టి, వచ్చినవాడల్లా బానెట్టుకు చెవి ఆనించి విన్నాడు. ఒకాయన వాతం అన్నాడు. ఒకాయన పెట్రోలు పైత్యం చేసిందన్నాడు. అంతకుముందు మాటలు లేని దాయాదులు ఒకే చక్రం పక్కన గొంతుకూర్చొని మాట్లాడుకున్నారు. కోర్టు వల్ల కాని రాజీని క్లచ్చి కుదిర్చిందంటే మీరు నమ్మాలి.

చివరికి కాళ్ల కింది చెక్క ఎత్తి చూస్తే తోలు కనిపించింది. కమిటీలో ఉన్న మోతుబరి గురుస్వామి మొహం వెలిగిపోయింది. ఆయనకు కపిల బావి ఉంది. నీళ్లు తోడే తోలుబానకు ఏటేటా ఆముదం పట్టిస్తాడు. పట్టిస్తేనే తోలు మెత్తబడి పగలకుండా ఉంటుంది. తోలు ఎక్కడున్నా తోలే గదా! దొరకు ఆముదం సంగతి తెలియక తోలును ఎండబెట్టుకున్నాడని జాలిపడి, బానకు పట్టించినట్టే, తాపినకొద్దీ తాపి, కారేదాకా పోయించినాడు.

తోలు మెత్తబడింది. ఎంత మెత్తబడిందంటే, ఇక దేన్నీ కరుచుకోనంది. ఇంజను గర్జిస్తుంది, పొగ వస్తుంది, మోటారు మాత్రం అంగుళం కదలదు. చూడండి ఎంత నెమ్మదిగా ఉందో అన్నాడు గురుస్వామి.

ఇంకొక కమిటీ మెంబరు చెంచయ్యకు పలకల ఫ్యాక్టరీ ఉంది. జారుతుంటే జిడ్డు పీల్చే పొడి వేయాల గానీ ఆముదం ఏంది అని, పలకలు సాపు చేసేటప్పుడు రాలే పొడిని గంపకు ఎత్తించుకొని వచ్చి పోసినాడు. ఆముదమూ పలకపొడీ కలిసి సంగటి ముద్ద అయి, క్లచ్చి పట్టిన పట్టు విడవకుండా గట్టిపడింది. ఎంత తొక్కినా విడదు. గేరు మారదు. ఇంటి దగ్గర ఏ గేరు వేసి నలుగురు తోస్తే ఆ గేరులోనే పోవాలి, దిగాలంటే ఇంజను ఆపాలి.

ఒకనాడు ముందు గేర్లు ఏవీ పడక రివర్సు పడింది. పడినదాన్ని వదులుకోవడం ఎందుకని ప్రభాకరరావుగారు మార్కాపురం నుంచి మా ఊరు దాటేదాకా వెనక్కే నడుపుకుంటా పోయినాడు! ఇందులో ఎంత మర్యాద ఉందో చూడండి. మామూలు పెద్దమనిషి మన ఊరు దాటిపోతే మనకు వీపు చూపిస్తాడు. ఈయన మాత్రం మాకే మొహం చూపిస్తా, నమస్కారాలు అందుకుంటా, కనుమరుగైనాడు.

ఇదంతా పైపై మేలు. అసలు మేలు ఇప్పుడు చెప్తున్నాను, వినండి.

చందాలు ఇచ్చినవాళ్లు మోటారు ఏదని అడగడం మొదలుపెట్టినారు. సంఘానికి సిగ్గయింది. మోటారు బాగయ్యేదాకా అని మస్తానయ్య ఎడ్లబండిని మగ్దలీనమ్మ ఇంటిముందు కట్టి ఉంచినారు. పిలుపు వస్తే ఆమె మందుల పెట్టె పట్టుకొని ఎక్కేది. ఎద్దులకు క్లచ్చి లేదు, గేర్లు లేవు, కమిటీ అసలే లేదు. పక్కన కూర్చొని ఎట్ల నడపాలో చెప్పే మెంబరు లేడు. క్లచ్చి చెడి ఉన్నన్నాళ్లు చుట్టుపక్కల ఊళ్లలో ఏ కాన్పుకూ ఆమె ఆలస్యం కాలేదు. ఇంతకంటే ఏం రుజువు కావాలి మీకు?

ఆ తరువాత మా నెత్తిన పిడుగు పడింది. గుంటూరు నుంచి ఫిట్టరు రైల్లో వచ్చి, ఆ ముద్దంతా గోకి, పాత తోలు పీకి కొత్త తోలు తొడిగినాడు. మోటారు పూర్తిగా బాగయింది.

బాగవంగానే మస్తానయ్య బండిని మానిపించినారు. ఈ మాట తెలిసి నేను ప్రెసిడెంటుగారి ఇంటికి పోయి, బండిని ఉంచమని బతిమాలినాను. ఆయన నన్ను చాలా మర్యాదగా కుర్చీలో కూర్చోబెట్టినాడు.

“మోటారు ఉండంగ బండి ఏంది, అయ్యవారూ? ఎవరన్నా వింటే నవ్వరా?” అన్నాడు.

నిజమే, మోటారు ఉంది. ఒకరోజు గిద్దలూరు అవతల కొండ ఘాటు రోడ్డు ఎక్కుతుందా అని చూడడానికి పోతుంది. ఒకరోజు చెంచయ్య పలకల బేరానికి పోతుంది. ఒకరోజు గురుస్వామి అల్లుణ్ణి రైలుకు దించుతుంది. గేర్లు వెన్నలో వేలు పెట్టినట్టు మారుతున్నాయని ముగ్గురూ చెప్పుకుంటున్నారు.

పోయిన నెల మా ఊరి గొర్రెల కాపరి కోడలు ఆదెమ్మకు నొప్పులు మొదలైనాయి. కబురు తీసుకొని మార్కాపురం పోయినవాడికి మోటారు లేదు, గిద్దలూరు పోయిందని చెప్పినారు. బండి ఎట్లాగూ లేదు. మగ్దలీనమ్మ పెట్టె నెత్తిన పెట్టుకొని ఎండన పడి నడిచి వచ్చింది. ఆదెమ్మ బతికింది. బిడ్డ దక్కలేదు.

మగ్దలీనమ్మ బయటికి వచ్చి ఆ గుడిసె అరుగు మీద కూలబడి, తన కాళ్లు తానే ఒత్తుకుంటా, వాకిట్లో ఉన్న నాతో ఒక్కటే అన్నది. “బండి ఉన్నన్నాళ్లు ఒక్క బిడ్డ పోలేదు, అయ్యవారూ.”

నాకు ఏడుపు వచ్చింది, ఇంటికి వచ్చేసినాను. ఇంట్లో లీదియా గుమ్మంలో నిలబడి, ఆదెమ్మకు ఏ బిడ్డ పుట్టింది నాయనా అని అడిగింది. ఆదెమ్మ బాగుందమ్మా అని లోపలికి పోయినాను.

రేపు మా బడిలో ప్రసూతి సహాయ సంఘం వార్షికోత్సవం. ప్రభాకరరావుగారు మోటారులో వస్తున్నారు. పక్కసీటులో గురుస్వామి వస్తాడు. తల్లుల క్షేమం గురించి ప్రెసిడెంటుగారు ఉపన్యాసం ఇస్తారు. ఆయన ఉపన్యాసం మొదలుపెడితే ముగించే గేరు ఆయనకూ తొందరగా పడదు. మోటారు బడి వెనక, చింతచెట్ల చాటున నిలబెడతారట. వచ్చినవారందరికీ పూలదండలు వేసే పని హెడ్‌మాస్టరుకు పెట్టినారు. నాకు ఏ పనీ పెట్టలేదు. అందుకు వారికి నా వందనాలు.

ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి ఉపన్యాసం అయిపోయి ఉంటుంది. మీలో ఎవరైనా పోయి చెప్తారనీ, ప్రెసిడెంటుగారే ఇది చదువుతారనీ నాకు భయం లేదు. పేపర్లో తన ఫోటో ఉన్న పేజీ తప్ప ఆయన ఇంకొకటి తిప్పడు.

ఇందాక మా ఇంటావిడ ఏసమ్మ అటకంతా వెతికి, నా దగ్గరికి వచ్చి నిలబడింది.

“పురిటికని తెచ్చి పెట్టిన ఆముదం సీసా ఏది?”

“పురిటికే వాడుతున్నానులే,” అన్నాను.

ఆమె నా సంచీ వైపు చూసింది. అందులో సీసా పక్కన, బడిలో పగిలిన పలకలు నూరిన పొడి పొట్లం కూడా ఉంది. ఏమీ అడగకుండా పోయి, ఇంకొంచెం ఆముదం గిన్నెలో తెచ్చి ఇచ్చింది.

ఎడ్లకు కడుపునిండా మేత వేసి ఉంచమని మస్తానయ్యకు కబురు చేసినాను.