పద్దెనిమిది మెట్లు

వైద్య పరీక్షల కేంద్రంలో నెట్‌వర్క్ ఇంజినీరు పెద్ద ఉద్యోగం దొరికి వెళ్ళిపోతూ సంచీ సర్దుకున్నాడు. వైర్లు, స్క్రూడ్రైవరు, తన కప్పు పెట్టుకున్నాడు. రికార్డుల గది పెద్దమ్మ నీళ్ళ సీసా అందించి, జిప్పు రెండుసార్లు లాగి చూసింది.

"మా మిషన్ల సంగతేంటి నాయనా?"

"నిశ్చింతగా ఉండండి పెద్దమ్మా. అన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి."

పనిచేశాయి, ఆ సాయంత్రం దాకా.

పైఅంతస్తు ల్యాబు కంప్యూటర్లది ఒక నెట్‌వర్కు, కింది రికార్డులది ఇంకొకటి. రెంటి మధ్యా కబుర్లు చేరవేసేందుకు అలమరలో ఒక లినక్సు కంప్యూటరు పెట్టె గేట్‌వే హోదాలో కొలువుతీరి ఉంది. మర్నాడు పైనుంచి ఒక్క రిపోర్టూ దిగలేదు. యాజమాన్యం తక్షణమే స్పందించి, మెట్లను ప్రత్యామ్నాయ మార్గంగా ప్రకటించింది.

రిపోర్టులు మోసే భారం ల్యాబులో పనిచేసే పెద్దమ్మ తోడికోడలి మీద పడింది. ఇళ్ళు వేరుపడ్డాక ఇద్దరికీ తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. మొదటిరోజు కాగితాలు బల్లమీద పడేసి పోయింది. రెండోరోజు "మోకాళ్ళు పోతున్నాయి" అని గోడతో చెప్పింది. మూడోరోజు కూర్చుంది.

"ఏం అక్కయ్యా, ఇంకా అన్నిటికీ హడలిపోతూనే ఉన్నావా?"

"నువ్వింకా ఎత్తిపొడుస్తూనే ఉన్నావుగా!"

అలా రెండు వారాలు, రోజుకు మూడు కట్టల రిపోర్టులు, మూడు విడతల కబుర్లు. పెద్దమ్మకు ఇంతకంటే కావలసిందేముంది? కానీ అంతటితో ఊరుకుంటే చదువుకున్న మనిషెలా అవుతుంది? తోడికోడలి ముందు తెలివి చూపించుకోవాలని, ఇంజినీరు వదిలేసిన లావుపాటి పుస్తకం అక్షరం పోకుండా చదివి, అలమర తెరిచింది.

కిందినుంచి పింగ్ చేసి పలకరిస్తే గేట్‌వే పలికింది. పైనుంచి చేసినా పలికింది. ఒకరి మాట ఇంకొకరికి మాత్రం చేరవేయడం లేదు. ఇలాంటి పెద్దమనుషుల్ని బంధువుల్లో బోలెడుమందిని చూసింది కనుక ఆమెకు జబ్బు ఇట్టే దొరికింది. చేరవేతను నడిపే అంకె సున్నా మీద ఉంది. దాన్ని ఒకటి చేయాలి. సెట్టింగుల ఫైల్లో రాసి ఉంచకపోతే కరెంటు తీయగానే మళ్ళీ సున్నా. ఇంజినీరు ఏళ్ళ తరబడి రోజూ పొద్దున్నే దాన్ని ఒకటి చేసి, ఫైల్లో రాయకుండా, తాను లేనిదే కేంద్రం నడవదనిపించుకున్నాడు. రోజూ సాయంత్రం ఆ కరెంటు తీసిందెవరంటే, నిప్పంటుకుంటుందేమోనని అలమర స్విచ్చి ఆపేసి, మళ్ళీ వచ్చి మూడుసార్లు తడిమి చూసుకునే పెద్దమ్మే.

ఫైల్లో శాశ్వతంగా రాసేసింది. రిపోర్టు రెప్పపాటులో కిందికి దిగింది.

అభినందన సభలో డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. "ఈ మహాతల్లి మన రెండు అంతస్తులనూ ఒక్కటి చేసింది! ఇకమీదట ఎవరూ ఎవరినీ కలవాల్సిన అగత్యం లేదు!" పైవాళ్ళు తమ కుర్చీల్లోంచే తెరమీద చూసి చప్పట్లు కొట్టారు. పెద్దమ్మ అందరికంటే గట్టిగా కొట్టింది.

పైకి మెట్లు పద్దెనిమిదే. పనేమీ లేకుండా మనిషి దగ్గరికి మనిషి వెళితే ఏం బాగుంటుందని పెద్దమ్మ ఊరుకుంది. పైన ఆవిడా అలాగే అనుకుని ఉంటుంది.

తోడికోడలు చివరిసారి దిగింది పెద్దమ్మ అలమర తెరిచిన బుధవారం, పదకొండున్నరకు. మళ్ళీ రాలేదు.