లొంగని సూక్ష్మజీవికి ఓ నమస్కారం

మందులకు లొంగని బ్యాక్టీరియా మానవజాతికి దొరికిన వరం! నవ్వకండి. అదే లేకపోతే మా వదినకు ఉద్యోగం ఉండేదా?

అందుకే, డాక్టరు వారం రోజులు వాడమన్న మాత్రల్ని రెండో రోజే అటకెక్కించే మహానుభావులంటే నాకెంతో గౌరవం. ఒళ్ళు కాస్త తేలికపడగానే ఆపేస్తారు. చావగా మిగిలిన సూక్ష్మజీవులు ఊపిరి పీల్చుకుని, ఆ మందును తట్టుకునే సంతానాన్ని కంటాయి. ఎంత జాలిగుండె! మా ఎదురింటి దర్జీ మరీ దానకర్ణుడు. తన యాంటీబయాటిక్‌లో సగం దాచి, వీధిలో ఎవరు తుమ్మినా పిలిచి మరీ పంచుతాడు.

ఇంతమంది శ్రమ ఫలించి పాత మందులు చేతులెత్తేశాయి. కొత్తది కనిపెట్టే భారం వదిన మీద పడింది.

వదిన ల్యాబ్‌లో చేసేది అచ్చంగా దొంగరవాణా. బ్యాక్టీరియా చుట్టూ పల్చటి కొవ్వు పొర ఉంటుంది. విద్యుదావేశం ఉన్న ఉప్పు కణాల్ని, అంటే అయాన్లని, అది ఇష్టమొచ్చినట్టు లోపలికి రానివ్వదు. వదిన తయారుచేసిన కృత్రిమ అణువు ఒక అయాన్‌ని ఒడిలో దాచుకుని పొర దాటుతుంది, లోపల దింపేస్తుంది, ఇంకోదానికోసం తిరిగొస్తుంది. చివరికి సమతూకం చెడి, పొర చిల్లులుపడి, బ్యాక్టీరియా కథ ముగుస్తుంది.

చిక్కల్లా ఒక్కటే. మనిషి కణానికీ ఉన్నది కొవ్వు పొరే కదా! ఆరేళ్ళలో వదిన చేసిన పద్నాలుగు అణువులూ బ్యాక్టీరియాతో పాటు రక్తకణాల్నీ పగలగొట్టాయి. గొట్టంలో నీళ్ళు ఎర్రబడిన ప్రతిసారీ ఇంటికొచ్చి, కడిగిన గిన్నెల్నే మళ్ళీ తోమేది. పదిహేనోదీ తప్పితే ప్రాజెక్టు మూసేస్తానని ప్రొఫెసర్ గారు తేల్చి చెప్పేశారు.

మొన్న మంగళవారం మధ్యాహ్నం ఆ పదిహేనోదాన్ని పరీక్షించింది. బ్యాక్టీరియా పెరిగితే మబ్బుపట్టాల్సిన ప్లేటు గుంటలు తేటగా ఉన్నాయి, అంటే అది చచ్చినట్టే. మరి రక్తం? గొట్టాన్ని వెలుతురులోకి ఎత్తింది. కణాలన్నీ అడుగున బుద్ధిగా కూర్చున్నాయి. పైన నీళ్ళకు ఎరుపన్నదే లేదు!

"సార్, ఒక్కసారి రండి! నా కళ్ళు నన్ను మోసం చేస్తున్నాయేమో చూడండి."

ఆయన కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చూశారు.

"మోసమేం లేదమ్మా. ఇంకో మూడుసార్లు చేసి ఖాయం చేసుకో. ముందు టీ తాగుదాం పద."

వదిన కాళ్ళు నేలమీద నిలవలేదు. సాయంత్రం గుమ్మంలోంచే అన్నయ్యకు కేకేసి చెప్పింది. కాలి వేలు చీముపట్టి మూడు రోజులుగా మాత్రలు మింగుతున్న అన్నయ్య మొహం చింకి చేటంత అయింది.

"అబ్బ, సాధించావు! అయితే ఇక ఈ పాత మాత్రలతో పనేముంది? నొప్పి తగ్గింది, మిగతా నాలుగు రోజులవీ పారేస్తాను. మొండికేస్తే నీ మందు ఉండనే ఉందిగా!"

వదిన చెప్పులైనా విప్పకుండా గ్లాసుడు నీళ్ళు తెచ్చింది.

"నా మందు మనుషుల నోటిదాకా రావడానికి ఇంకో పదేళ్ళు పడుతుంది. నోరు తెరవండి."

"చేదుగా ఉంటుందోయ్!"

వదిన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

బ్యాక్టీరియా పొరలోంచి అయాన్‌ని దాటించడం ఆవిడ ఆరేళ్ళలో సాధించింది. మా అన్నయ్య గొంతులోంచి ఒక్క మాత్రను దాటించే ప్రయోగం మాత్రం, నేను ఇది రాసే సమయానికి ఇంకా కొనసాగుతోంది.