పైడమ్మ ఇంటి ముద్దాయిలు

గౌరునాయుడి ఇంటి బాత్రూంను పోలీసులు మంగళవారం పొద్దున్నే అరెస్టు చేసి, జీపు వెనక కట్టుకుని తీసుకుపోయారు. అతడి భార్య పైడమ్మకు కన్ను వాచింది. ఎదురింటి అంగన్‌వాడీ టీచరు స్టేషన్‌కు ఫోన్ చేసింది. డాక్టరు దెబ్బ నిజమేనని రాసిచ్చాడు. దెబ్బ ఉన్నాక కొట్టినవాళ్లు ఉండాలి, ఆ పేరు దెబ్బ తిన్నవాళ్ల నోటి నుంచే రావాలి, ఇదీ ఆ స్టేషన్ పద్ధతి. పైడమ్మ "బాత్రూంలో జారిపోనాను బాబూ" అంది. హెడ్డు కానిస్టేబులు అప్పలకొండ ముద్దాయి పేరు దగ్గర 'బాత్రూం' అని రాసి, తండ్రి పేరు దగ్గర కాసేపు ఆగి, కట్టిన మేస్త్రీ పేరు వేశాడు.

"మీ ఆయన మీద అనుమానమేటైనా ఉందా?" అన్నాడు, అడగాలి కాబట్టి.

"ఆయన జైలుకెల్తే మల్లీ ఇంటికే కదా బాబూ వొస్తాడు," అంది పైడమ్మ. "బాత్రూమైతే రాదు."

హెడ్డుకు అందులో తప్పేమీ కనబడలేదు.

గౌరునాయుడు ఇనుప గేట్లు వెల్డింగ్ చేస్తాడు. ఆరో తరగతి దాకా అతడు వెళ్లాడు గానీ, ఆరో తరగతి అతడి దాకా రాలేదు. ఆ బాత్రూం వాలకం తనకు మొదట్నుంచీ నచ్చలేదని సాక్షిగా చెప్పి వేలిముద్ర వేశాడు. పై నెలలో తలుపు వెళ్లింది. ఆ తర్వాత గ్యాస్ పొయ్యి, మెట్లు. లాకప్పు చాలక వెడల్పు చేయించాల్సి వస్తే ఆ పని కూడా గౌరునాయుడికే ఇచ్చారు. ఊచలు గట్టిగా వేశాడని మెచ్చుకున్నారు కూడా.

రికార్డులో తన పేరు ఎక్కడా లేకపోవడం అతడికి మొదట్లో కాస్త చిన్నతనంగానే ఉండేది. ఇనుము వంచే చెయ్యి తనది, పేరేమో పొయ్యిది. తర్వాత భయం పట్టుకుంది. ఇంట్లో సామాను అయిపోతే మిగిలేది తన పేరే. అందుకని కొత్తవి కొనడం మొదలుపెట్టాడు. స్టూలు, బీరువా, మూలలు బాగా కోసుగా ఉన్న టీవీ స్టాండు.

"పెల్లామంటే ఎంత పేనమో సూడు, నువ్వూ ఉన్నావు ఎందుకూ," అని పక్కింటావిడ తన మొగుణ్ని దెప్పింది.

చెయ్యి ఆపుకుంటే ఇంత ఖర్చుండేది కాదు. ఆ ఉపాయం అతడికి తట్టలేదు. చదువు లేకపోవడం వల్లే అనుకుందామంటే, డిగ్రీలు వేలాడదీసిన ఇళ్ల సామాను కూడా జీపుల వెనక పోతూనే ఉంది.

ఫర్నిచరు కొట్టువాడు అరువు ఆపేసిన వారానికి ఇల్లు ఊడ్చిపెట్టినట్టయింది. పైడమ్మ పెదవి చిట్లింది. మళ్లీ టీచరే ఫోన్ చేసింది. హెడ్డు వచ్చి నాలుగు మూలలూ వెతికాడు. మొగుడూ పెళ్లాం తప్ప గదిలో ఇంకేమీ లేదు.

"సెప్పమ్మా. ఈపాలి ఏటి తగిలింది?"

గౌరునాయుడు ఖాళీ గదంతా మరోసారి కళ్లతో వెతికాడు. పైడమ్మ అతడి వంక చూసింది. చూస్తూ చూస్తూ, అతడు జైలు నుంచి తిరిగొచ్చే రోజు దాకా చూసింది.

"నా సెయ్యే బాబూ. నానే కొట్టుకున్నాను."

హెడ్డు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని రాసుకున్నాడు. ఈసారి ముద్దాయి తన కాళ్ల మీద తనే నడిచి జీపెక్కింది, మోసే పని లేకపోయింది.

సాయంత్రం గౌరునాయుడే వెళ్లి జామీను ఉన్నాడు. పంపించే ముందు అప్పలకొండ పైడమ్మను నిలబెట్టి, మొగుళ్లకు చెప్పడానికి ఇన్నేళ్లూ దాచుకుని, ఒక్క మొగుడూ దొరకక మిగిలిపోయిన మాటలన్నీ చెప్పాడు.

"ఆడకూతురి మీద సెయ్యి సేసుకోడం తప్పమ్మా. దానికి మాత్రం నువ్వు తప్ప ఎవులున్నారు? ఇంకోపాలి కొట్టినావంటే ఒగ్గను."

బాగా గడ్డి పెట్టారన్నట్టు గౌరునాయుడు పక్కన తల ఊపుతున్నాడు. పైడమ్మ తల దించుకుని, ఇంకెప్పుడూ కొట్టనని మాటిచ్చింది.