మేజోళ్ల షరతు

మా సల్త్ పట్టణమంతా మెట్లే. మా ఇంటి నుంచి నేను పాఠాలు చెప్పే బడికి నూట అరవై మెట్లు దిగాలి. మెట్టు మెట్టుకీ నా మేజోడు కూడా కాస్త కాస్త దిగేది. బడికి చేరేసరికి మడమ కింద ఉండ చుట్టుకుని పడుకునేది.

"మీ పాదం నలభై అయిదో సైజు, మీరు కొనేది నలభై ఒకటి," అనేది నా భార్య రుదైనా. "మడమ పట్టే చోటు లేకపోతే జారక ఏం చేస్తుంది, అబూ మాజిద్?"

"సాగుతుందని కొట్టువాడు చెప్పాడు."

"సాగింది మేజోడు కాదు, వాడి బేరం. ఈసారి నేను కొంటాను. నూలువి, మడమ కుట్టు సరిగ్గా ఉన్నవి."

"నా కాళ్ల సంగతి నాకు తెలుసు. మన మెట్లు మరీ నిటారు. పైగా ఈ చలి..."

"మీకు సాక్సులకన్నా సాకులే ఎక్కువ," అని లోపలికి వెళ్లిపోయింది.

నా మేజోళ్లు జారవని ఇక నిరూపించక తప్పలేదు. ఆ శుక్రవారం మా అన్న కొడుకు వాయిల్‌కి పిల్లనడగడానికి వెళ్లాలి. అన్న పోయాడు గనుక, అడగవలసిన పెద్దను నేనే. తివాచీ అంచులు లేవకుండా అతికించే పట్టీ ఇంట్లో ఉంది, రెండు వైపులా అంటుకునేది. దాన్ని పిక్క నుంచి మడమ దాకా, ముందుజాగ్రత్తగా అరికాలికి కూడా చుట్టి, పైన మేజోళ్లు తొడిగాను.

మెట్లన్నీ దిగినా పోగంత జారలేదు.

"చూశావా?" అన్నాను.

"చూస్తున్నాను," అంది రుదైనా.

పిల్ల వాళ్లింట్లో బూట్లు విప్పించి, గౌరవంగా పొయ్యి పక్కన గొర్రెతోలు మీద కూర్చోబెట్టారు. ఆ గౌరవానికి బంక కరిగింది. పలచటి మేజోళ్లలోంచి బయటికొచ్చింది.

కాఫీ వచ్చింది. పిల్లనిస్తామని మాట వచ్చేదాకా అడిగే పెద్ద కాఫీ ముట్టకూడదు. కప్పు కింద పెట్టి, గొంతు సవరించుకుని లేచాను. నాతోపాటు గొర్రెతోలూ లేచింది.

కుడికాలు విదిలించాను. వదల్లేదు. ఎడమకాలితో తొక్కిపెట్టి లాగబోతే అదీ అంటుకుంది. కప్పు బోర్లాపడింది. మాట రాకముందే కాఫీ ఒలికింది. పిల్ల తండ్రి ముఖం ముడుచుకుంది. ఆ పిల్ల కోసం మూడేళ్లుగా ఎదురుచూస్తున్న వాయిల్ తల దించుకున్నాడు.

"నాయనా, ఆ గొర్రె నిన్నెందుకు పట్టుకుంది?" అంది పిల్ల నాయనమ్మ ఖజ్నా.

నేను నోరు తెరిచేలోపే రుదైనా నలభై ఒకటి నుంచి పట్టీ దాకా పూసగుచ్చినట్టు చెప్పేసింది.

ముసలావిడ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. "మా ఆయనా ఇంతే. ముప్పై ఏళ్లు ఇరుకు బూట్లతో కుంటాడు గానీ నా మాట వినలేదు." తర్వాత కొడుకు వైపు తిరిగింది. "పిల్లనిద్దాంరా. ఒకటే షరతు. ఇక నుంచి తన మేజోళ్లు తన పెళ్లామే కొంటుందని ఈ పెద్దమనిషి అందరి ముందూ మాటివ్వాలి. ఆడదాని మాట చెల్లే ఇంటికే మన పిల్ల వెళ్తుంది."

పిల్ల తండ్రి తల ఊపాడు. అందరూ నా వైపు చూశారు.

"బాబాయ్," అన్నాడు వాయిల్, ప్రాణమంతా ఆ ఒక్క మాటలో పెట్టి.

నేను రాసుకుని వెళ్లిన ఉపన్యాసం నాలుగు పేజీలు. గొర్రెతోలు మీద నిలబడి పలికింది రెండు ముక్కలు.

"అలాగే. కొంటుంది."

పిల్ల తండ్రి ఇంకో కప్పు నింపి, తాగమన్నాడు. నేను తాగుతుంటే అవతల ఖజ్నా, రుదైనా రంగుల దగ్గరికి వచ్చారు. నలుపా, గోధుమరంగా అని చాలాసేపు చర్చించుకున్నారు. నన్నెవరూ అడగలేదు.