తనంతట తానే లేచిన సుత్తి

ఆ ఉదయం మ్యూజియం తుపాకుల గదిలో బాబాయ్ పెట్టుకున్న పని చిన్నదే. ఊడిపోయిన నంబరు చీటీలు మళ్లీ కట్టాలి. ఆయన ఎవరికి బాబాయో ఎవరికీ తెలీదు గానీ డైరెక్టరమ్మతో సహా అందరూ అలాగే పిలుస్తారు. చెప్పుకోదగ్గ అరుదైన ఆయుధం ఒక్కటైనా చూపించకపోతే సాయంత్రానికి ఆ గదిని క్యాంటీనుకు ఇచ్చేస్తానని ఆవిడ ముందురోజే తేల్చి చెప్పింది. ఇరవై రెండేళ్లుగా తుడిచి, నూనె పెట్టి కాపాడుకున్న గది. బాబాయ్‌కి ముద్ద దిగలేదు.

తెల్లదారం అయిపోతే నల్లదారం తీశాడు. చీటీ వేలాడకూడదని, ఒక పాత పిస్తోలుకి గొట్టం తెరిచే కింది మీట నుంచి పిడి వెనకగా, తూటాని కొట్టే సుత్తి దాకా బిగించి కట్టాడు. తర్వాత అలవాటుగా మీటను ముందుకు తోశాడు. గొట్టం తెరుచుకుంది. దాంతోపాటు సుత్తి తనంతట తానే లేచి నిలబడింది. ఇన్నేళ్లలో ఎన్నడూ లేవని సుత్తి! కళ్లజోడు పెట్టుకుంటే దాన్ని లాగుతున్న దారం కనిపించేదే. తనకి కళ్లజోడు అవసరమని బాబాయ్ ఏనాడూ ఒప్పుకోలేదు.

డైరెక్టరమ్మ ముందు మూడుసార్లు చేసి చూపించాడు. "వేలితో ఎత్తక్కర్లేదమ్మా, అదే లేస్తుంది. ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు."

ఆవిడ పొంగిపోయి పైవాళ్లకి ఫోన్ చేసింది. పైవాళ్లు పత్రికలవాళ్లకి చేశారు. మధ్యాహ్నానికి బాబాయ్ దాన్ని ఒక గొప్ప పనివాడు చేశాడని చెప్పాడు. మూడింటికల్లా ఆ పనివాడికి ఒక్క చెయ్యే ఉండేదని కూడా తేల్చాడు. నాలుగింటికి పాత ఆయుధాలు గుర్తించడంలో తలపండిన పెద్దావిడ వచ్చింది.

చీటీ చదవడానికని ఆవిడ ముడి విప్పి, మీట తోసింది. సుత్తి ఉలకలేదు, పలకలేదు. పత్రికలవాళ్ల ముందు డైరెక్టరమ్మ ముఖం మాడిపోయింది. గది పోయినట్టేనని బాబాయ్‌కి ఏడుపొచ్చింది.

పెద్దావిడ మాత్రం అల్మరా మూల ఉన్న బుల్లి పిస్తోలు చూపించి అదేమిటని అడిగింది.

"అది పనికిరాదండీ. సుత్తి పోయింది. నా హయాంలోనే పోయింది," అన్నాడు బాబాయ్, ఇంక దాచడానికేముందని.

ఆవిడ అది ఖాళీగా ఉందో లేదో చూసుకుని ట్రిగ్గర్ నెమ్మదిగా నొక్కింది. లోపల ఏదో కదిలి టక్కుమంది. మళ్లీ నొక్కింది. మళ్లీ టక్కుమంది.

"సుత్తి పోలేదు, మొదట్నుంచీ లోపలే ఉంది. నొక్కితే అదే లేచి అదే పడుతుంది. ఈ రకం నేను పుస్తకాల్లో బొమ్మలుగానే చూశాను."

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "నాకెప్పుడూ అనుమానమేనండీ," అన్నాడు.

గది నిలిచింది. సుత్తి పోగొట్టినందుకు పదిహేనేళ్ల కిందట తనకిచ్చిన మెమో వెనక్కి తీసుకోవాలని ఆయన ఆ సాయంత్రమే అర్జీ పెట్టాడు.