అవ్వ కథలో ‘నాయిస్’

ముందే ఒప్పుకుంటున్నాను: నాకు రఘుపతి సారంటే వల్లమాలిన అభిమానం. అంత సున్నితమైన చెవులున్న విద్యాశాఖ అధికారి మరొకరు లేరు.

గోదావరిఖని అవతల, ఓపెన్‌కాస్టు బొగ్గు గని అంచున ఉన్న బడిలో ఆయన ‘గడపగడపకూ గళం’ పథకం ప్రకటించారు. పిల్లలు తమ ఇంటి కథలు ఫోన్లో రికార్డు చెయ్యాలి. ఎంపికైన కథను మంత్రిగారు స్వయంగా క్లాసులో కూర్చుని వింటారు.

ఆ బడిలో చదివే హన్నా వాళ్ల నాయనమ్మ సుగుణమణి ఆ చివరి మాటకే ఒప్పుకుంది. గని పేలుళ్లకు ఆమె ఇంటి గోడ నిలువునా పగిలింది. అర్జీలు ఎవరూ చదవలేదు. కనీసం వింటారేమో!

హన్నా చేసిన రికార్డింగ్ వింటూ సారు మొహం చిట్లించారు.

“దీపా మేడం, ఆ ఢాం ఏంది?”

“బ్లాస్టింగ్ సార్. రోజూ మధ్యాహ్నం సైరన్ కొట్టి పేలుస్తరు,” అంది కంప్యూటర్ టీచర్ దీప.

“నాయిస్. తీసెయ్యి.”

“అవ్వ కథే దాని గురించి సార్.”

“అయితే కథంతా నాయిసే. ఫుల్ క్లీన్ చెయ్యి.”

యాప్ ఢాంను తీసేసింది, గిన్నెలు పడ్డ చప్పుడు తీసేసింది, అవ్వ దగ్గు తీసేసింది. ‘నెగెటివ్’ మాటల్ని సారే స్వహస్తాలతో కత్తిరించారు. “మా ఇల్లు ఉంటదో కూలుతదో, ఇగ సార్ల దయ” అన్న ఆఖరి మాటలో, “మా ఇల్లు సార్ల దయ” మిగిలింది.

“నేను చెప్పింది గింతేనా సారూ?” అంది అవ్వ.

“ఇది ఎసెన్స్ అవ్వా!”

పేలుడు గోల తగలకుండా సభ పొద్దున్నే పెట్టారు. మంత్రిగారు మాత్రం మధ్యాహ్నం భోజనం ముగించుకుని వచ్చారు. దీప రికార్డింగ్ వినిపించింది. అది అయిపోతుండగా సైరన్ మోగింది. పేలుడుకు పైకప్పు పెచ్చులూడే ఆ గదిలో ఆ వేళ ఎవరూ ఉండరు. పిల్లలు, అవ్వ, అందరూ ఒక్కసారిగా లేచారు.

“స్టాండింగ్ ఓవేషన్!” మంత్రిగారు చేతులు జోడించారు.

“సార్, మీరు గూడ బయటికి రాండ్రి, జల్ది!” దీప గుమ్మంలోంచి అరిచింది.

“బయట గూడ పబ్లిక్ ఉన్నరా?” అంటూ ఆయన రఘుపతి సారు వైపు మురిపెంగా చూశారు.

ఢాం!

పైకప్పు పెచ్చు ఊడి మంత్రిగారి శాలువా మీద పడింది. ఆయన దులుపుకుని, కళ్లు పెద్దవి చేశారు.

“సౌండు గింత ఒరిజినల్‌గ ఎట్ల పెట్టినవయ్యా? ఛాతీల గుద్దినట్టుంది!”

“యాప్ సార్,” అన్నారు రఘుపతి సారు, వినయంగా.

కిటికీ అవతల నుంచి అవ్వ కేక వేసింది: “సారూ, నా కథ గిదే! ఇన్నరా?”

మంత్రిగారు చప్పట్లు కొట్టారు.

“వన్స్ మోర్!”

మీ ఇంటి కథలు కూడా ఉంటే సారుకు పంపండి. చప్పుడు లేకుండా.