ఎర్ర చీటీ సరుకు

ఆ ఉదయం కోడలి లెక్క సులువైనదే. తొమ్మిదింటికల్లా కళ్ళజోళ్ళ దుకాణం చేరాలి, రేపు తెరవబోయే కొత్త శాఖకు అద్దాలు సర్దాలి, సాయంత్రానికి ఆ శాఖ తాళంచెవి తన చేతిలో పడాలి. ఆరో నెల ఆ లెక్కకు అడ్డం కాదు. అడ్డమల్లా భర్తే.

అతను గోడౌన్ కీపరు. డాక్టరమ్మ చెప్పినదంతా పొల్లు పోకుండా రాసుకొచ్చాడు. కాచని పాలు, సగం ఉడికిన గుడ్డు, కడగని ఆకులు, మళ్ళీ పొగలు కక్కేలా వేడిచేయని నిన్నటి మాంసం ఆమె ముట్టకూడదు. తెల్లవారగానే ఫ్రిజ్‌లోని అలాంటి గిన్నెలన్నిటికీ ఎర్ర చీటీలు అంటించాడు. గోడౌన్‌లో ఎర్ర చీటీ అంటే కదపకూడని సరుకు.

"పారేస్తే పోయేదానికి చీటీలెందుకు?" అందామె.

"సరుకు ఎవరైనా పారేస్తారా? మేం తింటాంలే. నువ్వు మాత్రం బయట తిరిగి రోగం తెచ్చుకున్నావో, కాన్పు దాకా ఇల్లు కదలడానికి లేదు."

బేరం కాదనడం కన్నా కాస్త సాగదీయడం మేలని ఆమెకు తెలుసు.

"సరే. ఈ ఇంట్లో ఎవరికి ఒంట్లో తేడా చేస్తే వాళ్ళు ఇల్లు కదలకూడదు. ఒప్పుకుంటారా?"

తనది రాతి ఒళ్ళని అతని ధీమా. ఒప్పుకున్నాడు.

క్యారియర్ సర్దింది అత్తగారు. ఆవిడ ముప్ఫై ఏళ్ళు కుట్టు దుకాణం నడిపిన మనిషి. అక్కడ ఎర్ర చీటీ గుచ్చిన బట్ట అంటే అందరికన్నా ముందు ఇచ్చెయ్యాల్సింది. కొడుక్కి ఇన్నాళ్ళకు పెళ్ళాం మీద శ్రద్ధ పుట్టిందని మురిసిపోయి, ఎర్ర చీటీలున్నవే ఏరి, చీటీలతో సహా క్యారియర్‌కెక్కించింది.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన కొడుకు ఫ్రిజ్ తెరిచి గతుక్కుమన్నాడు. సంగతి తల్లిని అడిగి, భార్యకు ఫోన్ చేశాడు. ఆమె ఒకాయన కళ్ళకు అద్దాలు సరిచూస్తూ ఫోన్ ఎత్తలేదు. తినేసి పడిపోయిందనుకుని అతను అంబులెన్స్‌కు చెప్పాడు. అది కూతలు వేసుకుంటూ దుకాణం ముందు ఆగింది. ఆమెకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయనుకున్నాడు యజమాని. కొత్త శాఖ తాళంచెవి తీసి పక్క గుమాస్తా చేతిలో పెట్టేశాడు.

ఆమె అద్దాల గదిలోంచి బయటికొచ్చి చెయ్యి చాపింది. "నాకు నొప్పులూ లేవు, రోగమూ లేదు. తాళం ఇటివ్వండి."

అంబులెన్స్ వాళ్ళు స్ట్రెచర్ వైపు చూపిస్తే, దాని మీద క్యారియర్ పెట్టింది. మూత తీయగానే చీటీలు కనబడ్డాయని, అప్పుడే కాల్చిన రొట్టె, తానే కడిగి తొక్క తీసుకున్న పండు తిన్నానని చెప్పింది. యజమాని గుమాస్తా చేత తాళంచెవి ఇప్పించాడు.

అంబులెన్స్ వెనకే పరిగెత్తుకొచ్చిన భర్తకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. దాని వెంటే ఆకలీ వచ్చింది. క్యారియర్ విప్పాడు.

"ఒప్పందం గుర్తుందా?" అందామె.

"నేనేం కడుపుతో లేనుగా," అని నాలుగు గిన్నెలూ ఊడ్చేశాడు.

మర్నాడు తెల్లవారేసరికి రాతి ఒళ్ళు దుప్పటి కింద మూలుగుతోంది. ఆమె తాళంచెవి కొంగుకు ముడేసుకుని, మిగిలిన ఎర్ర చీటీ ఒకటి అతని చొక్కాకు అంటించి, కొత్త శాఖ తెరవడానికి వెళ్ళింది.

అత్తగారు ఆ చీటీ చూసి, అందరికన్నా ముందు అతనికే టిఫిను పట్టుకొచ్చింది.